నీడ గీత చూసి కుండీలు జరపండి: అనంతపురం మిద్దె మీద శరదృతువు పనులు

మా ఊళ్లో శరదృతువు వచ్చిందని ఏ చెట్టూ ఆకు రాల్చి చెప్పదు. మా సందులో వేపచెట్టు ఆకు రాల్చేది శివరాత్రికి ముందూ వెనకా. పంచాంగంలో ఆశ్వయుజం అని ఉంటుంది, మధ్యాహ్నం మిద్దె ఎక్కితే వైశాఖం ఇంకా పోలేదేమో అనిపిస్తుంది. నాకు ఆ కబురు చెప్పేది మిద్దె మీద సుద్దముక్కతో గీసిన గీత.

ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా రిటైరైనవాణ్ణి. కొలవకుండా ఏ పనీ చేతకాదు. తోటపని కూడా గ్యారేజీలోనే అంటుకుంది. ఒక ఏడు ఆయుధ పూజకు బస్సుల ముందర కొట్టిన బూడిద గుమ్మడి గింజలు డిపో గోడ వెంట మొలిచి, పాత టైర్ల కుప్ప మీదికి పాకి, పుష్యం నాటికి రెండు కాయలు కాశాయి. నీళ్లు ఎవరూ పోయలేదు, ఎరువు ఎవరూ వేయలేదు. ఆ కాయల్లో ఒకటి మా ఇంటికొచ్చి వడియాలయింది. అప్పుడనుకున్నాను, ఈ కాలంలో ఏదో ఉంది, మన చేతిలో ఏమీ లేదు అని. రిటైరయ్యాక మిద్దె మీద నలభై దాకా కుండీలు పెట్టాను. కుండీలంటే సగం పెయింట్ డబ్బాలే.

దసరా నుంచి కార్తీకం చివరిదాకా నేను చేసే పనులు ఇవి. మీది కర్నూలైనా కడపైనా పెద్ద తేడా ఉండదు.

మొదట నీడ కొలవండి

వానకాలం పోతూనే అందరూ విత్తనాల పొట్లాల కోసం పరిగెత్తుతారు. వద్దు. ముందు ఒక రోజు నడిపొద్దున మిద్దె ఎక్కండి. మన ఊళ్లో సూర్యుడు సరిగ్గా నడిమికొచ్చేది గడియారం పన్నెండు కొట్టినప్పుడు కాదు, ఈ కాలంలో ఇంకో అయిదు పది నిమిషాలకు. ఆ పొద్దులో మెట్ల రూము నీడ ఎక్కడిదాకా పడిందో సుద్దతో గీయండి. పక్కన తేదీ రాయండి.

మా మెట్ల రూము దక్షిణం కొసన, తొమ్మిదడుగుల ఎత్తు. సెప్టెంబరు 23 ప్రాంతంలో దాని నీడ ఉత్తరానికి రెండున్నర అడుగుల లోపే పడుతుంది. ఇంకో నెలకు నాలుగున్నర. నవంబరు 23కు ఆరు దాటుతుంది. డిసెంబరు 22కు ఏడడుగులు. అనంతపురం ఉండేది 14.7 డిగ్రీల అక్షాంశం మీద. మే మొదటి నుంచి ఆగస్టు సగం దాకా నడిపొద్దు సూర్యుడు మనకు ఉత్తరంగానే ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. అంటే ఎండాకాలంలో మంచి ఎండ తగిలిన చోటే చలికాలంలో చీకటి కొట్టంలా అయిపోతుంది. మొదటి రెండేళ్లూ నాకిది తెలియలేదు. మెట్ల రూము పక్కన పెట్టిన టమాటా చెట్లు కార్తీకానికి తీగల్లా సాగి, పూత రాలి, ఒక్క కాయ నిలవలేదు. ఎరువు తక్కువైందని చెనిక్కాయ చెక్క నానబెట్టి పోశాను. ఇంకా సాగాయి! అది ఎరువు లోపం కాదు, ఎండ లోపం.

దక్షిణం పిట్టగోడ కూడా అంతే. మూడడుగుల గోడకు డిసెంబరులో రెండున్నర అడుగుల దాకా నీడ ఉంటుంది. గోడకు ఆనించిన కుండీకి చలికాలమంతా మధ్యాహ్నం ఎండ మట్టికి తగలదు. అందుకే దసరా సెలవుల్లో మనవళ్లు ఉన్నప్పుడే కుండీలు జరిపిస్తాను. టమాటా, వంగ, మిరప, గులాబీ, చామంతి ఉత్తరం వైపుకు. కొత్తిమీర, మెంతి, పాలకూర, పుదీనా దక్షిణం పిట్టగోడ పక్కకు. ఆకుకూరలకు మధ్యాహ్నం నీడ ఉంటేనే మేలు, కొత్తిమీర తొందరగా పూతకు పోదు. నీళ్లు పోసిన కుండీ జరపొద్దు, నడుము పోతుంది. ఒక రోజు ఎండబెట్టి జరపండి.

చామంతికి చీకటి కావాలి

ఇది కొంచెం పెద్ద కథ.

మా ఇంట్లో చామంతి అంటే మా ఆవిడ శాఖ. కార్తీక మాసంలో తులసి కోట దగ్గర పెట్టడానికి ఇంటి పూలే కావాలంటుంది. ఏటా ఆషాఢంలో పాత మొక్కల పిలకలు విడదీసి నాటుతుంది, రెండుసార్లు తల తుంచుతుంది. తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, పూలు ఎక్కువ. వినాయక చవితి దాటాక తుంచడం ఆపేయాలి, లేకపోతే మొగ్గనే తుంచేసినట్టవుతుంది. ఇదంతా ఆమెకు వాళ్లమ్మ నేర్పింది. నేను వేలు పెట్టను.

ఒక సంవత్సరం ఏడు కుండీల్లో అయిదు మొగ్గ తొడగలేదు. ఆకు మాత్రం కాలరెత్తుకుని నిలబడింది, ముదురు పచ్చ, ఒక్క తెగులు లేదు. దీపావళి పోయింది, కార్తీక సోమవారాలు రెండు పోయాయి. "మీరు ఏం పోశారు?" అని నన్నే అనుమానించింది. నేనేం పోయలేదు. మిగిలిన రెండు కుండీలు మాత్రం నీళ్ల ట్యాంకు వెనక ఉన్నాయి. వాటికి విరగ మొగ్గ. మట్టి అదే, పిలకలు అవే, నీళ్లూ అవే.

రాత్రి తొమ్మిదింటికి మిద్దె మీదికి పోయాక అర్థమైంది. ఆ వానకాలంలోనే మా ఇంటి మూల స్తంభానికి కొత్త ఎల్‌ఈడీ లైటు వేశారు. తెల్లటి వెలుతురు పిట్టగోడ దాటి నేరుగా ఆ అయిదు కుండీల మీద పడుతోంది. పేపరు చదువుకోవచ్చు. ట్యాంకు వెనక మాత్రం చీకటి.

అప్పుడు పాత సంగతి గుర్తొచ్చింది. సర్వీసులో ఉన్నప్పుడు బెంగుళూరు బస్సు ఎక్కడైనా ఆగిపోతే రాత్రిపూట రిలీఫ్ బండిలో పోయేవాళ్లం. చిక్కబళ్ళాపురం దగ్గర రోడ్డు పక్క పొలాల్లో వరసగా బల్బులు వెలుగుతుంటే జాతర అనుకున్నాను. డ్రైవరు నవ్వి, "జాతర కాదన్నా, చామంతి తోట. రాత్రి లైటేస్తే పూత ఆగుతుంది, రేటు వచ్చేదాకా ఆపుతారు" అన్నాడు. అప్పుడు నమ్మలేదు. చామంతి ఆకులు లెక్కపెట్టేది పగటిని కాదు, రాత్రిని. రాత్రి తగినంత పొడుగై, మధ్యలో తెగకుండా ఉంటేనే మొగ్గ కడుతుంది. నడిరాత్రి వెలుతురు పడితే దానికి ఇంకా ఎండాకాలమే. రైతులు డబ్బు పెట్టి చేసే పని నాకు వీధి దీపం ఊరికే చేసిపెట్టింది.

అయిదు కుండీలనూ నవంబరు మొదటి వారంలో ట్యాంకు వెనక్కి మార్చాను. నాలుగు వారాలకు చిట్టి మొగ్గ కనిపించింది. పూలు సంక్రాంతికి వచ్చాయి. తులసికి కాదు, గొబ్బెమ్మలకు పనికొచ్చాయి.

కాబట్టి మీరు చేయాల్సింది: చామంతి కుండీలున్న చోట రాత్రి నిలబడండి. మీ అరచేతి నీడ గోడ మీద స్పష్టంగా పడితే ఆ చోటు పనికిరాదు. కుండీ జరపడం కుదరకపోతే సాయంత్రం ఆరింటి నుంచి తెల్లారి ఆరింటి దాకా లైటు వచ్చే వైపు మందపాటి నల్లగుడ్డ తెర కట్టండి. మొక్క మీద కప్పొద్దు, గాలి ఆడక ఆకు కుళ్లుతుంది. ఒకరోజు కట్టి ఒకరోజు మరిచిపోతే పని జరగదు. మొగ్గ రంగు కనిపించేదాకా ప్రతి రాత్రీ కట్టాలి.

నాటు అనప (సొరకాయ కాదు, గింజలు ఒలుచుకునే అనప), నాటు చిక్కుడు కూడా ఇలా రాత్రి పొడుగు చూసి పూసేవే. ఎదురింటి వదిన అనప తీగను ఆ దీపస్తంభానికే పాకించింది. కింద పందిరి మీద ఉన్న కొమ్మలు పూత పట్టాయి, పైకి పోయిన కొమ్మలు ఆకుతోనే నిలిచాయి. పితికిన పప్పు తినాలనుంటే తీగను చీకట్లోకి మళ్లించమని చెప్పాను. "కరెంటు స్తంభమెక్కి నువ్వే మళ్లించు నాయనా" అనింది. సంతలో ఏడాది పొడుగునా కాసే పొట్టి చిక్కుడు రకాల విత్తనాలు దొరుకుతాయి, వాటికి ఈ పట్టింపు లేదు. రుచి మాత్రం నాటుదానిదే.

నీళ్ల లెక్క

"ఉత్తర చూసి ఎత్తర గంప" అని మా నాయన అనేవాడు. ఉత్తర కార్తెలో వాన లేకపోతే గంప నెత్తిన పెట్టుకుని వలస పోవాల్సిందే అని. అనంతపురానికి ఏడాది మొత్తానికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు, అందులో సెప్టెంబరు, అక్టోబరు నెలలదే పెద్ద వాటా. అందుకే ఈ వానను వదలకూడదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. ఆరువందల చదరపు అడుగుల మిద్దె మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే పదకొండు వందల లీటర్లు. నేను పట్టేది రెండు డ్రమ్ములు, నాలుగు వందల లీటర్లే. అవి నారుకు, ఆకుకూరలకు. బోరు నీళ్లతో మా కుండీల అంచుల చుట్టూ ఎండాకాలమంతా తెల్లటి ఉప్పు పొర కడుతుంది. మొదటి పెద్ద వానకు కుండీలన్నీ ఆకాశం కిందికి లాగి కింది బెజ్జాల్లోంచి నీళ్లు బాగా కారనివ్వండి, ఆ ఉప్పు కొట్టుకుపోతుంది. దాంతోపాటు ఎరువు సత్తువా కొంత పోతుంది, అది తర్వాత వేసుకోవచ్చు.

ఎక్కువైనా కష్టమే. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి ఊళ్లో కాలనీలు మునిగినప్పుడు మా మిద్దె కూడా చిన్న చెరువయింది. తూము బెజ్జంలో ఎండిన బీర ఆకులు అడ్డం పడ్డాయి, నేను చూసుకోలేదు. కుండీలు రెండు రోజులు అడుగు నీళ్లలో కూర్చున్నాయి. మూడు టమాటాలు, నాలుగేళ్ల కరివేపాకు వేరు కుళ్లి పోయాయి. అప్పటి నుంచి ప్రతి కుండీ కిందా మూడు ఇటుక ముక్కలు, తూముకు జాలీ. కుండీల కింద పళ్లాలుంటే ఈ రెండు నెలలూ తీసేయండి. అందులో నిలిచిన నీళ్లలో దోమ గుడ్డు పెడుతుంది, డెంగీ వచ్చేది ఈ కాలంలోనే. డ్రమ్ములకు కూడా పాత పంచె గట్టిగా బిగించి కట్టాలి.

దసరా దాటితే పూటపూటా పోయడం మానేయండి. ఎండాకాలంలో రెండు పూటలా పోసిన చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో పెట్టి చూడండి. తడి తగిలితే దిగిపోండి. పోసేది ఉదయమే. సాయంత్రం పోస్తే రాత్రంతా ఆకు తడిగా ఉండి తెగుళ్లు పట్టుకుంటాయి.

మట్టి, విత్తనం

మన ఎర్రమట్టి వానకు తడిసి ఎండకు బిగిసి పైన పెచ్చు కడుతుంది. మొలక దాన్ని చీల్చలేదు. పాత స్క్రూడ్రైవరుతో రెండంగుళాల లోతు గుల్ల చేసి, పై మట్టి మూడంగుళాలు తీసేసి, అంతే మందం దిబ్బ ఎరువు, కొత్త ఎర్రమట్టి సమంగా కలిపి నింపండి. కుండీకి గుప్పెడు వేప పిండి. కొత్త కుండీ అయితే రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు. ఎరువు బాగా మాగినదై ఉండాలి. చేత్తో పిండితే పేడ వాసన వస్తే ఇంకా మాగలేదని అర్థం.

ఈ కాలంలో మన జిల్లాలో ఊరికే దొరికేది చెనిక్కాయ పొట్టు. కాయ ఒలిచే మిషను దగ్గర బస్తా అడిగితే కాదనరు. దాన్ని మట్టిలో కలపొద్దు, కుళ్లడానికి నెలలు పడుతుంది, ఆలోపు మొక్కకు రావాల్సిన నత్రజనిని అదే తినేస్తుంది. మట్టి మీద అంగుళం మందం పరవండి. తడి నిలుస్తుంది, వాన చినుకులకు మట్టి ఎగిరి ఆకులకు అంటదు. మొక్క కాండానికి మాత్రం తగలనీయకండి.

ఇక విత్తనాలు. హస్త, చిత్త కార్తెల్లో, అంటే సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు మూడో వారం దాకా, మెంతి, పాలకూర, ముల్లంగి నేరుగా చల్లుకోవచ్చు. మెంతి నాలుగైదు రోజులకు మొలుస్తుంది, నెలలోపు పప్పులోకి వస్తుంది. ముల్లంగి నలభై అయిదు రోజులు. క్యారెట్‌కు అడుగు లోతు డబ్బా కావాలి, మూడు నెలలు ఓపిక కావాలి, మొలిచాక మధ్యలో పీకి పలచన చేసే గుండె ధైర్యం కావాలి. మా ఇంట్లో ఆ మూడోది లేదు, అందుకే మా క్యారెట్లు చిటికెన వేలంత.

ధనియాలు వంటింటివే చాలు, కానీ ముందు పది గింజలు తడిగుడ్డలో కట్టి పరీక్ష పెట్టండి. ఆరన్నా మొలవకపోతే ఆ డబ్బా సాంబారు పొడికే. చపాతీ కర్రతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రి నానబెట్టి చల్లండి. పదిరోజుల దాకా ఏమీ కనిపించదు. ఎనిమిదో రోజు మొలవలేదని మళ్లీ చల్లేవాళ్లలో నేనొకణ్ణి.

తెల్లగడ్డ పాయలు మొన పైకి పెట్టి గుచ్చండి, ఆకు కోసుకోవచ్చు. మొలకెత్తిన ఎర్రగడ్డలు పారేయకుండా అదే డబ్బాలో. టమాటా, వంగ నారు ఆశ్వయుజం మొదట్లో పోసి, నాలుగు వారాలకు నాటాలి. నారు డబ్బాలో నీళ్లు ఎక్కువైతే మొలక మొదట్లో నల్లబడి పడిపోతుంది, నారుకుళ్లు. విత్తే ముందు మట్టిలో ట్రైకోడెర్మా అనే మేలుచేసే బూజు పొడి కలిపితే చాలావరకు తప్పుతుంది. కాలీఫ్లవర్ జోలికి పోవద్దని నా మాట. పెద్ద కుండీ మూడు నెలలు పట్టుకుని ఒకే ఒక్క పువ్వు ఇస్తుంది, అందులో సగం పురుగులది. మార్కెట్లో కొనుక్కోండి.

పురుగుల గురించి ఎక్కువ చెప్పను. అనప, చిక్కుడు లేత కొనలకు నల్లటి పేనుబంక పడుతుంది. చీమలు బారులు కడితే వెతకండి, అదే ఆనవాలు. ముందు నీళ్ల పైపు వేలితో నొక్కి గట్టిగా కొట్టండి, సగం పోతుంది. మిగతాదానికి లీటరు నీళ్లకు యాభై గ్రాముల వేపగింజల పొడి రాత్రి నానబెట్టి వడకట్టి, కాస్త సబ్బు నీళ్లు కలిపి కొట్టండి. వేపనూనె అయితే లీటరుకు అయిదు మిల్లీలీటర్లు. పొద్దు వాలాకే కొట్టాలి. ఒకసారి నేను పదకొండింటికి కొట్టాను. గులాబీ ఆకులు వేయించిన అప్పడాల్లా అయ్యాయి.

కత్తెర పని

గులాబీని దసరా పోయాక, వానలు తెరిపి ఇచ్చిన వారంలో కత్తిరించండి. ఎండిన కొమ్మలు, లోపలికి పెరిగినవి, సన్నటివి తీసేసి, మంచి కొమ్మను బయటివైపు చూసే కన్ను మీద పావంగుళం ఎత్తులో ఏటవాలుగా కోయాలి. కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. తులసి కంకులు గింజ కట్టకముందే తుంచితే చలికాలంలో కూడా ఆకు వస్తుంది. పండక్కి ద్వారానికి, బండ్లకు కట్టిన బంతి దండలు కంపోస్టు డబ్బాలో వేసేముందు దారం లాగేయండి. నైలాన్ దారమైతే కుళ్లదు, మరుసటి ఏడు వేళ్లకు చుట్టుకుని కనిపిస్తుంది.

మల్లె దగ్గరే మా ఇంట్లో తగువు. కార్తీకంలో మల్లెకు నీళ్లు తగ్గించి, నవంబరు చివరి వారంలో మట్టి మీంచి అడుగున్నర ఎత్తుకు కోసేసి, ఆకు దూసేసి, మొదట్లో ఎరువు పెడితే ఎండాకాలం పూత విరగబూస్తుంది. మా ఆవిడకు పచ్చగా ఉన్న చెట్టును కోయడం ఇష్టం ఉండదు. "ఇంకా నాలుగు పూలు పూస్తోంది కదా, ఉండనీండి" అంటుంది. పోయిన ఏడు డిసెంబరు పూల చెట్టు పక్కనే ఉందని, అది పూతలో ఉన్నప్పుడు కత్తెర పట్టుకుని అక్కడికి రావద్దని ఆపింది. మల్లె సగం పూసింది. ఈ ఏడు కుండీలు జరిపినప్పుడే రెంటినీ విడదీశాను, మల్లెను ఉత్తరం గోడకు, డిసెంబరు పూలను ట్యాంకు పక్కకు. కత్తెర మాత్రం రెండు రోజులుగా కనిపించడం లేదు. బియ్యం డబ్బా వెనక ఉందని నా అనుమానం. పౌర్ణమి పోనిచ్చి అడుగుతాను.